తూము మూసి ఉన్న గంటలు: కోనసీమలో ఓ చివరి ఊరి వరద ప్లాను

2022 నవంబరులో ఆ ఊరి పంచాయతీ ఆఫీసులో నా చేతికిచ్చిన అర్జీలో ఒకటే కోరిక ఉంది. ఏటిగట్టు మీటరు ఎత్తు పెంచాలి. కింద ఒకటిన్నర పేజీ సంతకాలు, వేలిముద్రలు.

నేను ప్రభుత్వ ఇంజనీర్ని కాదు. సివిల్ చదువుకుని కాలువలు, డ్రెయిన్ల సర్వేల్లో పాతికేళ్లు తిరిగినవాణ్ని. ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ తరఫున, ఊరు తనకి తానుగా అమలు చేసుకోగల వరద ప్లాను రాసిపెట్టడానికి వెళ్లాను. గట్టు పెంచే అధికారం నాకూ లేదు, పంచాయతీకీ లేదు. ఆ సంగతి చెప్తే ఒక పెద్దాయన "మరైతే మీరొచ్చి ఏం చేస్తారండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు దొరకడానికి మూడేళ్లు పట్టింది.

ఊరి పేరు రాయను. ఈ కథలో తూము తాళం గొడవ ఒకటుంది. ఆ గొడవ పడినవాళ్లంతా ఇప్పటికీ ఒకే టీ కొట్టు దగ్గర కూర్చుంటారు.

ఊరి రూపు

ఊరు గోదారి పాయల్లో ఒకటైన వైనతేయ ఒడ్డున, ఓడలరేవు దగ్గర పాయ సముద్రంలో కలిసే మొగకి కొన్ని కిలోమీటర్ల ఎగువన ఉంటుంది. గట్టు లోపల ఊరు, వరి చేలు, కొబ్బరి తోటలు, బాగా దిగువన రొయ్యల చెరువులు. గట్టు బయట, ఏటి వైపు లంకలో ఒక పేట. చేలల్లో నీళ్లు బోదెల్లోంచి మురుగు డ్రెయిన్‌లోకి వస్తాయి. డ్రెయిన్ చివర గట్టుకి నాలుగు ఖానాల తూము, దానికి ఇనప షట్టర్లు. ఊళ్లో పడిన ప్రతి వాన చుక్కా ఆ నాలుగు ఖానాల్లోంచే బయటికి పోవాలి, వేరే దారి లేదు.

అంటే ఈ ఊరికి నీళ్లు మూడు వైపుల నుంచి వస్తాయి. పైనుంచి గోదారి, నెత్తి మీంచి వాన, కింది నుంచి సముద్రపు పోటు. అర్జీలో మొదటి దాని గురించే ఉంది. అందులో వింతేం లేదు, భయపెట్టేది అదే కదా.

2022 జులైలో జరిగింది

అంతకుముందు పెద్ద వరదంటే అందరికీ 1986 ఆగస్టే గుర్తు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు). తర్వాత 2006 ఆగస్టు. 2022లో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకి పైగా కిందికి వచ్చింది. పైగా ఆగస్టులో కాదు, జులై మధ్యలోనే. నారుమళ్లు పోసి, కొందరు ఊడ్పులు కూడా మొదలుపెట్టిన సమయం.

మీటింగుల్లో ప్రతిసారీ ఎవరో ఒకరు, బ్యారేజీ దగ్గర గేట్లు వేసి ఆపొచ్చు కదా అంటారు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). 25 లక్షలంటే రోజుకి 216. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నిలబడేది మూడు టీఎంసీల లోపే. 175 గేట్లు ఉన్నది వరదని ఆపడానికి కాదు, మామూలు రోజుల్లో కాలవలకి నీరు ఎక్కించడానికి. వరద వస్తే అన్నీ ఎత్తేయడం తప్ప ఇంకేమీ ఉండదు.

ఆ ఊరి దగ్గర గట్టు తెగలేదు. మూడు రాత్రులు కుర్రాళ్లంతా ఇసుక బస్తాలతో, సర్వి బాదులతో గట్టు మీదే ఉన్నారు. రెండు చోట్ల బుంగ పడితే పూడ్చారు. అయినా అర్జీ పెట్టిన రైతుల్లో చాలామందికి నారు దక్కలేదు. ఆ తేడా నాకు మొదట అర్థం కాలేదు. ఒకావిడ తేల్చి చెప్పింది: "గట్టు తెగలేదండి. ఏరు లోపలికి రాలేదు. మా చేలో నీళ్లే బయటికి పోలేదు."

అప్పటిదాకా నేను గట్టు పైమట్టం మీద రెండు వారాలు లెవెల్స్ తీసుకున్నాను. ఆ రోజు సాయంత్రం గదికి వెళ్లి పంచాంగం తీశాను. 2022 జులై 13 గురు పౌర్ణమి. వరద ఉధృతి ధవళేశ్వరం దాటింది 16, 17 తేదీల్లో. పున్నమి పోటు బలంగా ఉండేది పున్నమి నాడూ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ. అంటే కింద సముద్రం ఎత్తుగా ఉన్న రోజుల వెనకే పైనుంచి ఏరు వచ్చి పడింది. పాటు వేళకి, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళకి, దిగాల్సిన నీటిమట్టం తూము దగ్గర దిగనే లేదు. షట్టర్లు మూసినవి మూసినట్టే ఉండిపోయాయి. లోపల వాన నీళ్లు చేలల్లో తొమ్మిది రోజులు నిలబడ్డాయి.

గంటల లెక్క

ఈ లెక్క మీటింగులో నల్లబల్ల మీద వేసి చూపించాను, ఇక్కడా వేస్తాను. ఎందుకంటే ప్లాను మొత్తం దీని మీదే నిలబడింది.

వెయ్యి ఎకరాల మీద 200 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 8 లక్షల ఘనపు మీటర్ల నీరు. కొత్తగా ఊడ్చిన వరి మునిగి మూడు రోజులకి మించితే కష్టం కాబట్టి మూడు రోజుల్లో తీసేయాలనుకుందాం. తూము రాత్రీ పగలూ పారితే 110 క్యూసెక్కులు చాలు. కానీ తూము రాత్రీ పగలూ పారదు. బయట నీటిమట్టం లోపలి కన్నా తక్కువగా ఉన్నంతసేపే పారుతుంది.

లెక్క సులువుగా ఉండటానికి పోటు సగటు మట్టానికి అర మీటరు పైకి, పాటు అర మీటరు కిందికి అనుకుందాం. లోపలి నీరు సగటు సముద్ర మట్టం కన్నా 30 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటే తూముకి రోజులో దాదాపు 17 గంటలు పని దొరుకుతుంది. సముద్రం 10 సెంటీమీటర్లు పెరిగితే 15 గంటలు. 30 పెరిగితే 12 గంటలు. అదే నీటిని అదే మూడు రోజుల్లో తీయాలంటే తూము పారాల్సింది 17 గంటలున్నప్పుడు 155 క్యూసెక్కులు, 15 ఉన్నప్పుడు 176, 12 ఉన్నప్పుడు 220. నిజానికి ఇంతకన్నా ఎక్కువే కావాలి. మట్టాల మధ్య తేడా తగ్గితే పారే వేగం కూడా పడిపోతుంది.

బల్ల మీద 17, 15, 12 అని చూడగానే మీటింగులో మాటలు ఆగాయి. మిల్లీమీటర్లు, డిగ్రీలు అన్నప్పుడు రాని స్పందన గంటలు అనేసరికి వచ్చింది. నీటి వంతులకి గంటలు లెక్కపెట్టుకుని బతికిన ఊరు మరి.

మారుతున్న వాతావరణాన్ని ఎలా లెక్కలోకి తీసుకున్నామంటే

పెద్ద మోడళ్లేమీ వాడలేదు. ఊరి స్థాయిలో అవి ఇచ్చే అంకెల్ని నేను నమ్మను కూడా. ఉత్తర హిందూ మహాసముద్రం మట్టం 1993 తర్వాత ఏటా 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూ వచ్చిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నాటి నివేదిక చెప్పింది. అదే వేగమనుకున్నా 30 ఏళ్లకి 10 సెంటీమీటర్లు. వేగం పెరిగితే ఇంకా ఎక్కువ. దానికి తోడు డెల్టా నేల తనంతట తాను కుంగుతుంటుంది. పూర్వం వరద తెచ్చే ఒండ్రు ఆ లోటు పూడ్చేది, ఇప్పుడు ఒండ్రులో చాలా భాగం ఎగువ ఆనకట్టల వెనకే ఆగిపోతోంది. 1976 నుంచి 2000 లోపు గోదావరి డెల్టా అంచున నికరంగా 18 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసిందని ఆంధ్రా విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కకట్టారు.

ఇక వాన. భూమి ఒక డిగ్రీ వేడెక్కితే భారీ వానల ఉధృతి సుమారు 7 శాతం పెరుగుతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం ఐపీసీసీ అంచనా. మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950 నుంచి 2015 మధ్య మూడు రెట్లయ్యాయి. ఇంద్రావతి, ప్రాణహిత నీళ్లు తెచ్చేది ఆ నేల మీంచే.

ఇవన్నీ చూసుకుని ఒక అంకె మీద పందెం కాయలేదు. ప్లానులో ప్రతి పనినీ సముద్రం 10, 20, 30 సెంటీమీటర్లు పెరిగితే పనికొస్తుందా అని చూశాం. 10కి పనికొచ్చి 30కి పనికిరాకుండా పోయేదైతే దాని మీద పెద్ద డబ్బు పెట్టొద్దనుకున్నాం. 30 దగ్గర కూడా పనికొచ్చేదైతే ఇప్పుడే చెయ్యాలి. ఈ ఒక్క నియమం చాలా వాదనలు తగ్గించింది.

నా తప్పు: గట్టు కుంగిన సంగతి

ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర, రెండోది 13.75, మూడోది 17.75. టీవీలో వచ్చేది ఈ అంకెలే. లంక పేటలో వాళ్లకి కావాల్సింది అది కాదు, "నా గుమ్మం దాకా ఎప్పుడొస్తాయి" అనేది. అందుకే రేవు దగ్గర ఒక కొలబద్ద స్తంభం పాతి, పేటలో ప్రతి ఇంటి అరుగు ఎత్తునీ దాని మీద రంగు గీతలుగా దించాలనుకున్నాం. ఇళ్ల లెవెల్స్‌కి ఆధారంగా గట్టు మీద ఒక చోటు తీసుకున్నాను. పాత చార్టులో దాని ఎత్తు రాసి ఉంది. స్తంభానికి మాత్రం తూము గోడ మీదున్న గుర్తు ఆధారం. రెండూ ఒకే చార్టులోవే కదా అని సరిచూసుకోలేదు.

2023 జులై చివర్లో ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక ఎగరేశారు. స్తంభం మీద నీళ్లు ఇంకా ఎర్ర గీతకి బెత్తెడు కింద ఉండగానే మూడిళ్ల వాకిళ్లలోకి వచ్చేశాయి. ఒక ముసలాయన ఏమీ అనలేదు. స్తంభం వైపు చూశాడు, నా వైపు చూశాడు.

వరద తీశాక రెండు ఆధారాలనీ కలిపి లెవెలింగ్ చేస్తే తేలింది. ఆ చోట గట్టు చార్టులో ఉన్నంత ఎత్తు లేదు. ఏళ్ల తరబడి ట్రాక్టర్లు తిరిగి, పశువుల బాటలు తెగి, బెత్తెడు కుంగింది. గీతలన్నీ చెరిపి మళ్లీ వేశాం. ఆ తప్పు వల్ల ఇంకో సంగతి బయటపడింది. ఊరంతా మీటరు పెంచాలంటున్న గట్టు, కాగితం మీదున్న ఎత్తుకైనా అన్నిచోట్లా లేదు. ఆ పల్లం చోట్లు ఎక్కడున్నాయో కొలిచి, పటం గీసి, సంబంధిత ఆఫీసుకి ఇచ్చాం. మొదటి అర్జీ కన్నా ఈ పటానికే అక్కడ కాస్త విలువ దక్కింది. ఒక పల్లం పూడ్చారు, మిగతావి వరుసలో ఉన్నాయి.

మీటరు పెంపకం మాట చివరికి ప్లానులో పెట్టలేదు. గట్టు వాలు రెండుకి ఒకటి అనుకుంటే మీటరు ఎత్తుకి అడుగున నాలుగు మీటర్ల వెడల్పు అదనంగా కావాలి. గట్టు అడుగునే ఇళ్లున్నాయి, కొబ్బరి చెట్లున్నాయి. ఎవరి స్థలం తీసుకుంటారని అడిగితే సంతకాలు పెట్టినవాళ్లలోనే సగం మంది తల దించుకున్నారు.

గట్టు కాపలా మాత్రం మార్చాం. 2022లో బుంగ పడినప్పుడు ఊరివైపు నీళ్లు చిమ్ముతున్న చోట బంకమట్టి కుక్కి మూసేశారట. అదృష్టం బాగుండి నిలిచింది. అలా మూస్తే లోపలి ఒత్తిడి ఇంకో దారి వెతుక్కుంటుంది. ఊట తేటగా వస్తే కాపలా పెట్టాలి. మట్టి రంగులో వస్తే గట్టు లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. చుట్టూ ఇసుక బస్తాలతో బావి గట్టులా కట్టి, అందులో నీళ్లు ఎక్కనివ్వాలి. లోపల మట్టం పెరిగేకొద్దీ ఒత్తిడి తగ్గి మట్టి రావడం ఆగుతుంది. దీన్ని వేసవిలో కుర్రాళ్లతో రెండుసార్లు చేయించాం. కొట్టేసిన కొబ్బరి మొద్దులు గట్టులో కుళ్లి సొరంగాల్లా మారే చోట్లు కూడా వాళ్లే వెతికి పెట్టారు.

తాళం

నాలుగు షట్టర్లలో ఒకటి తుప్పు పట్టి బిగుసుకుపోయింది, ఒకటి సగమే దిగుతుంది. ఇది మరమ్మతు పని, ఆలస్యమైనా జరిగింది. అసలు సమస్య వేరు. వరి రైతుకి పోటు వేళ తూము మూసి ఉండాలి, ఉప్పునీరు లోపలికి రాకూడదు. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎక్కి కొబ్బరి తోటలు ఏమయ్యాయో ఇక్కడ అందరూ చూసినవాళ్లే. రొయ్యల చెరువు రైతుకి ఆ పోటు నీరే కావాలి. రాత్రిపూట ఎవరో షట్టరు ఎత్తుతారు, పొద్దున ఇంకెవరో దింపుతారు. కొన్నిసార్లు ఎత్తింది దించకుండానే వాన వస్తుంది. తాళం చెవి ఎవరి దగ్గరుందని అడిగితే ముగ్గురి పేర్లు వచ్చాయి, ముగ్గురూ నా దగ్గర లేదన్నారు.

నేను ఇంజనీర్లా ఆలోచించి, మనుషుల జోలి లేకుండా చేద్దామనుకున్నాను. రెండు ఖానాలకి, బయట నీరు పెరిగితే వాటంతటవే మూసుకునే రెక్క తలుపులు పెట్టించాం. తాళం లేదు, గొడవ లేదు. ఆ వానాకాలమే డ్రెయిన్‌లో కొట్టుకొచ్చిన గుర్రపు డెక్క రెక్క కింద ఇరుక్కుంది. తలుపు సగం తెరుచుకుని ఉండిపోయింది, ఉప్పునీరు రెండు పోట్ల పాటు లోపలికి నడిచింది. ఒక రొయ్యల రైతు నవ్వుతూ "మంచి తలుపే పెట్టించారండీ" అన్నాడు. వరి రైతులు నవ్వలేదు.

తర్వాత చేసింది చాలా మామూలు పని. డ్రెయిన్‌కి అడ్డంగా ఎగువన వెదురు తడిక కట్టి గుర్రపు డెక్క అక్కడే ఆపడం. జూన్ నుంచి నవంబరు దాకా వారానికోసారి తీయడానికి ఇద్దరికి కూలి. మామూలు షట్టర్లకి రెండు తాళాలు, ఒక చెవి వరి రైతుల మనిషి దగ్గర, రెండోది చెరువుల వాళ్ల మనిషి దగ్గర. ఇద్దరూ వస్తేనే తెరుచుకుంటుంది. పంచాంగం చూసి నెలనెలా పోటు పాటు వేళలు రాసి తూము గోడకి అంటిస్తాం. చెరువుల వాళ్లకి వాన లేని రోజుల్లో, అష్టమి నవముల చుట్టూ పోటు తక్కువగా ఉన్నప్పుడు నీరు తీసుకునే గంటలు రాసి ఇచ్చాం. ఒప్పందం కుదరడానికి ఏడు మీటింగులు. నాలుగో దాంట్లో కుర్చీలు లేచాయి. గూడెంలో కౌలు రైతులు వచ్చి కూర్చున్న ఆరో మీటింగు నుంచే దారిలో పడింది. మునిగిన చేను వాళ్లది, తాళం వేరే వాళ్లది. ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ పైకి అనలేదు.

పంట, పేట

లోతట్టు చేలల్లో స్వర్ణ రకం వరి బదులు స్వర్ణ సబ్-1 వేయమన్నాం. పూర్తిగా మునిగినా రెండు వారాల దాకా తట్టుకుంటుంది. కొందరు వేశారు. వేయనివాళ్లు చెప్పిన కారణం కూడా కొట్టిపారేయలేం. వాళ్లకి భయం జులై ముంపు ఒక్కటే కాదు, కోతల ముందు వచ్చే తుపాను. పొట్ట మీదున్న చేను పడిపోతే ఏ సబ్ కాపాడుతుంది? 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్ మానేసి క్రాప్ హాలిడే ప్రకటించిన నాటి మాటలు ఈ చర్చలో ఇప్పటికీ వస్తాయి. గిట్టుబాటు మాటతో పాటు మురుగు తీయని డ్రెయిన్ల మాట అప్పుడూ ఉంది.

లంక పేట సంగతి వేరు. అక్కడ గట్టూ లేదు, తూమూ లేదు. ప్లానులో వాళ్లకి ఉన్నది ముందుగా కదలడమే. రెండో హెచ్చరిక దాకా ఆగకుండా, మొదటి హెచ్చరిక రాగానే నెలలు నిండిన ఆడవాళ్లు, మంచం మీదున్న ముసలివాళ్లు, పశువులు గట్టు లోపలికి. పశువుల్ని ముందు కదిపితేనే మగవాళ్లు కదులుతారు. ఇది పేటలో ఆడవాళ్లు చెప్పిన సూత్రం, నేను రాసుకున్నానంతే. గేదెలకి గట్టు లోపల ఒక కొబ్బరి తోటలో చోటు, ఎండుగడ్డి వామి ఖాయం చేశాక 2024 జులైలో రెండో హెచ్చరిక వచ్చేసరికి పేటలో ఎవరూ మిగల్లేదు.

మొంథా నాడు

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ముందు రోజే షట్టర్లు తనిఖీ చేశారు, తడిక శుభ్రం చేశారు, రెండు తాళాల మనుషులూ తూము దగ్గరే పడుకున్నారు. పాటు పాటుకీ తెరిచారు. చేలల్లో నీళ్లు నాలుగో రోజుకి తీశాయి. 2022లో తొమ్మిది రోజులు.

ఊళ్లో ఈ మాట గొప్పగా చెప్పుకుంటున్నారు, నేను మాత్రం పూర్తిగా ఒప్పుకోను. మొంథా వచ్చింది అమావాస్య వెళ్లిన వారానికి, పోటు తక్కువగా ఉండే రోజుల్లో. గోదారిలో వరద లేదు. 2022లో పెద్ద పోటూ, వరదా కలిసే వచ్చాయి. కాబట్టి తూము పనిచేసిందనగలం, ప్లాను నిలబడిందని ఇంకా అనలేం. పైగా పడిపోయిన వరికి నీళ్లు తీసినంత మాత్రాన ఒరిగిందేమీ లేదు, చాలా చేలల్లో గింజ మొలకెత్తింది.

మా లెక్కలో 30 సెంటీమీటర్ల దగ్గర ఈ తూము ఒక్కటే చాలదు. అప్పటికి పంపులు కావాలి, కరెంటు పోయినప్పుడు నడిచే పంపులు. తుపాను రాత్రి ముందు పోయేది కరెంటే. పంపు దిమ్మకి తూము పక్కన ఎత్తైన జాగా రెండు సెంట్లు ఇప్పుడే ఖాళీగా ఉంచమని పంచాయతీ తీర్మానం చేయించాం. మొన్న వెళ్తే ఆ జాగాలో ఎవరో కొబ్బరి పీచు ఆరబోసి ఉన్నారు. వానాకాలం లోపు తీస్తామన్నారు. రెండో తాళం చెవి కూడా పోయిందట, కొత్తది చేయిస్తున్నారు.